కంటిలో కనిపించని వాపు ప్రక్రియ: కొలతల చరిత్ర

రెటీనా రక్తనాళాలు దెబ్బతిన్న చాలామందికి కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. అయినా లోపల వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్, సాగుతూనే ఉండవచ్చు. వైద్యుడి చూపుకు అందని ఈ ప్రక్రియను అంకెల్లో పట్టుకునే పద్ధతుల్లో ముఖ్యమైనది లేజర్ ఫ్లేర్ ఫొటోమెట్రీ. రక్తం నుంచి కంటి ముందు గదిలోని ద్రవంలోకి ప్రోటీన్ ఎంతమేర ఊరిందో ఇది కాంతి సాయంతో లెక్కిస్తుంది. జపాన్‌లో రూపొంది 1988లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతిని మొదట యూవియైటిస్ (కంటి మధ్యపొరలో వాపు ప్రక్రియ) రోగుల్లోనూ, శస్త్రచికిత్సల తర్వాతా వాడారు. ఆ తర్వాత రెటీనా సిర పూడుకుపోవడం, డయాబెటిక్ రెటినోపతీ వంటి జబ్బుల అధ్యయనానికీ విస్తరించింది.

శాస్త్రీయ ఆధారం

కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య ఉండే ముందు గదిలో నీటిలా తేటగా ఉండే ద్రవం ఉంటుంది. రక్తంలోని ప్లాస్మాలో డెసిలీటరుకు సుమారు 7 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఈ ద్రవంలో అందులో వందో వంతు కూడా ఉండదు. ఐరిస్ రక్తనాళాల గోడ కణాలు, సిలియరీ బాడీ పైపొర కణాలు సందు లేకుండా అతుక్కుని ప్రోటీన్‌ను అడ్డుకోవడమే ఇందుకు కారణం. రెటీనా రక్తనాళాలకూ ఇలాంటి అడ్డుగోడే ఉంది. వాపు ప్రక్రియ మొదలైతే కణాల మధ్య పట్టు సడలి ప్రోటీన్ బయటికి ఊరుతుంది.

తలుపు సందులోంచి పడిన ఎండలో దుమ్ము రేణువులు మెరిసినట్టే, ప్రోటీన్ చేరిన ద్రవంలో కాంతి చెదిరి దాని దారి తెల్లగా కనబడుతుంది. 19వ శతాబ్దంలో ఐర్లాండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ అధ్యయనం చేసిన ధర్మమిది. కంటి ద్రవంలో కనిపించే ఈ తెల్లదనాన్నే నేత్రవైద్యులు ఫ్లేర్ అంటారు.

కంటి అంచనాల కాలం

స్వీడన్ నేత్రవైద్యుడు అల్వార్ గుల్‌స్ట్రాండ్ 1911లో స్లిట్ ల్యాంప్‌ను పరిచయం చేశాడు. సన్నని కాంతి చీలికను కంట్లోకి పంపి సూక్ష్మదర్శినితో చూసే పద్ధతికి అది పునాది వేసింది. ఫ్లేర్‌ను చూడటం సాధ్యమైంది కానీ, ఎంత ఉందో చెప్పడానికి అందరికీ ఒకే లెక్క లేదు. 1959లో అమెరికా వైద్యులు హోగన్, కిమురా, థైజెసన్ దాన్ని గ్రేడులుగా విభజించారు. 2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి యూవియైటిస్ పరిభాషను ఏకరూపంలోకి తెస్తూ 0 నుంచి 4+ వరకు ప్రమాణాలను ఖరారు చేసింది. ఫ్లేర్ ఓ మోస్తరుగా ఉన్నా ఐరిస్, లెన్స్ వివరాలు స్పష్టంగా ఉంటే 2+, అవి మసకబారితే 3+.

ఈ గ్రేడులు నేటికీ వాడుకలో ఉన్నాయి. కానీ ఒకే కంటికి ఇద్దరు వైద్యులు వేర్వేరు గ్రేడులు ఇవ్వవచ్చు. గ్రేడుల మధ్య దూరాలు సమానం కావు. అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటుంది. స్లిట్ ల్యాంప్‌లో 0గా కనిపించే కంట్లోనూ ప్రోటీన్ మామూలుకన్నా ఎక్కువే ఉండవచ్చు. రెటీనా రక్తనాళాల జబ్బులున్నవారిలో చాలామంది ఈ సున్నాలోనే మరుగున పడిపోయేవారు.

రంగు మందుతో పరీక్షలు

కనిపించని ఈ లీకేజీని పట్టుకునే అన్వేషణ రెటీనా వైపు నుంచి కూడా సాగింది. 1961లో ఇండియానా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్ ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ విధానాన్ని ప్రచురించారు. చేతి సిరలోకి ఎక్కించిన ఫ్లోరెసిన్ అనే రంగు మందు రెటీనా నాళాల్లో ప్రవహించే తీరును ఫొటోలు తీశారు. ఆ పరీక్ష మొదట చేయించుకున్నది ఆల్విసే. ఎక్కడ కారుతోందో ఇది చూపేది. ఎంత కారిందో కొలిచే ప్రయత్నం, కంట్లో ఆ రంగు మందు వెలుగును లెక్కించే ఫ్లోరోఫొటోమెట్రీతో జరిగింది. పోర్చుగల్ వైద్యుడు కున్యా-వాజ్ బృందం 1975లో ఈ పద్ధతితో, రెటీనాలో మార్పులు పైకి కనబడకముందే మధుమేహుల్లో రక్త-రెటీనా అడ్డుగోడ సడలుతోందని తేల్చింది. కనిపించని దశ ఒకటి ఉందని, దాన్ని కొలవవచ్చని రుజువైంది. అయితే ప్రతిసారీ ఇంజెక్షన్ తప్పదు.

లేజర్ రాక

ఇంజెక్షన్ అవసరం లేకుండా చేసింది మిత్సురు సావా బృందం 1988లో వివరించిన పరికరం. కోవా సంస్థ దాన్ని ఎఫ్‌సీ-1000 పేరుతో తయారుచేసింది. రోగి గడ్డం ఆనించి కూర్చుంటాడు. సన్నని లేజర్ కిరణం ముందు గది మధ్యలో 0.3×0.5 మిల్లీమీటర్ల గవాక్షాన్ని తడుముతుంది. చెదిరిన కాంతిని ఫొటోమల్టిప్లయర్ పట్టుకుని మిల్లీసెకనుకు ఎన్ని ఫోటాన్లో లెక్కిస్తుంది. కార్నియా, లెన్స్‌ల నుంచి వచ్చే వృథా కాంతిని వేరుచేయడానికి గవాక్షానికి పైనా కిందా కూడా కొలిచి, ఆ నేపథ్య విలువను తీసేస్తుంది. ఆ రెండు నేపథ్య విలువల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ రీడింగును పక్కనపెట్టాలి. అందుకే పలుమార్లు కొలిచి సగటు తీస్తారు. ఆరోగ్యవంతుల్లో ఈ విలువ సాధారణంగా ఒక అంకెలోనే ఉంటుంది. వయసుతో కొంత పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ హెర్బోర్ట్, యాన్ గెక్స్-క్రోసియర్ వంటి వైద్యులు 1990ల నుంచి దీన్ని యూవియైటిస్ పర్యవేక్షణలో స్థిరపరిచారు.

రక్తనాళ జబ్బుల్లోకి

రెటీనా సిర పూడికను చాలాకాలం ప్రధానంగా ప్రవాహ సమస్యగానే చూశారు. 1993లో జర్మనీ వైద్యులు న్గుయెన్, క్యూష్లే సిర పూడిన కళ్లలో ఫ్లేర్‌ను కొలిచి, ఆ విలువలను యాంజియోగ్రఫీ ఫలితాలతో పోల్చి ప్రచురించారు. 1994లో లాయిడ్ ఐయెల్లో బృందం డయాబెటిక్ రెటినోపతీ, సిర పూడిక ఉన్న కళ్ల ద్రవంలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరగడాన్ని చూపింది. ఆక్సిజన్ అందని రెటీనా విడుదల చేసే ఈ పదార్థం నాళాల గోడలను కారేలా చేస్తుంది. 1999లో మియామోటో తదితరులు మధుమేహం ఉన్న ఎలుకల రెటీనా నాళాల్లో తెల్ల రక్తకణాలు అతుక్కోవడానికీ, లీకేజీకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. జబ్బు వెనక భాగంలోదైనా అక్కడ పుట్టిన పదార్థాలు ముందు గదికీ చేరతాయి కాబట్టి, ముందు గదిలోని అంకె వెనక జరిగేదానికి పరోక్ష సాక్ష్యమవుతుంది. జపాన్‌కు చెందిన హిడెటకా నోమా బృందం సిర పూడిక రోగుల్లో ఫ్లేర్‌కూ, కంటి ద్రవంలోని వాపు కారక పదార్థాలకూ ఉన్న సంబంధంపై వరుస అధ్యయనాలు చేసింది. రక్తనాళాల్లో వాపు ప్రక్రియ తెచ్చే బెహ్చెట్ వ్యాధిలో రెటీనా నాళాల లీకేజీని అంచనా వేయడంలో ఫ్లేర్ విలువ ఉపయోగాన్ని ఇస్తాంబుల్ వైద్యురాలు ఇల్క్‌నుర్ తుగల్-తుత్‌కున్ బృందం చూపింది.

సిర పూడిక వల్ల రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరితే వాడేందుకు అమెరికాలో డెక్సామెథసోన్ ఇంప్లాంట్‌కు 2009లో, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్‌కు 2010లో అనుమతి లభించింది. ఒకటి వాపు ప్రక్రియను అణచేది, మరొకటి లీకేజీకి మూలమైన సంకేతాన్ని ఆపేది. ఎవరిలో ఏది ఎక్కువ పనిచేస్తుందన్న ప్రశ్నతో ఈ కొలతకు కొత్త విలువ వచ్చింది.

పరిమితులు, ప్రస్తుత స్థానం

ఈ పరికరం కొలిచేది ప్రోటీన్ వల్ల చెదిరిన కాంతినే, వాపు ప్రక్రియను నేరుగా కాదు. శుక్లం ఆపరేషన్, రెటీనాకు లేజర్ చికిత్స తర్వాత కొంతకాలం ఫ్లేర్ పెరుగుతుంది. వయసు, కనుపాప పరిమాణం, ముదిరిన శుక్లం కూడా ఫలితాన్ని మారుస్తాయి. వాపు ప్రక్రియ సద్దుమణిగినా అడ్డుగోడ పూర్తిగా కోలుకోని కళ్లలో అంకె ఎక్కువగానే నిలిచిపోతుంది. అందుకే ఒక్క రీడింగును బట్టి మందు రాయడం సరికాదు. యాంజియోగ్రఫీతోనూ, రెటీనా పొరలను కాంతితో చూపే, 1991లో వెలువడిన ఓసీటీ స్కాన్‌తోనూ కలిపి చదవాలి. ఓసీటీలో కనిపించే మెరిసే చుక్కలను కొందరు పరిశోధకులు వాపు ప్రక్రియకు మరో గుర్తుగా పరిశీలిస్తున్నారు.

ఒకే కంటిని ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ కొలిచినప్పుడే ఈ పరీక్ష అసలు బలం తెలుస్తుంది. గ్రేడు మారకముందే అంకె పెరిగితే వైద్యుడు జాగ్రత్తపడతాడు, మందు వేశాక తగ్గితే చికిత్స పనిచేస్తోందన్న భరోసా కలుగుతుంది. నొప్పి లేని జబ్బులో రోగికి తానుగా ఏ హెచ్చరికా అందదు. ఇంజెక్షన్ లేకుండా, కంటిని తాకకుండా ఆ హెచ్చరికను అందించగలగడమే ఈ కొలత సాధించిన మేలు.