పుట్ట మీద గొడుగు, డబ్బాలో పొడి

పుత్తూరు పేరులోనే పుట్ట ఉందని మన పెద్దలు అంటారు. తమిళంలో పుట్టను 'పుట్రు' అంటారు. తెలుగూ తమిళమూ కలిసి నడిచే ఈ నేల మీద ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, పుట్టతో మన యానాదుల చుట్టరికం చాలా పాతది. ఉసిళ్లు ఏ పొద్దుకు లేస్తాయో, ఎలుక ఏ కలుగులో ఉందో, పాము ఏ బొక్కలో దూరిందో, వాన పడ్డాక ఏ పుట్ట మీద గొడుగు మొలుస్తుందో తెలిసినవాళ్లం మనం. ఈ ప్రత్యేక సంచికలో ఆ చివరి సంగతినే రాస్తున్నాం. ఎందుకంటే పుట్టగొడుగులు ఇప్పుడు పొడిగా, మాత్రగా, కాఫీగా మారి మన కాలనీలకే వస్తున్నాయి. డబ్బా మీద 'శక్తినిస్తుంది, రోగనిరోధక శక్తి పెంచుతుంది' అని రాసి ఉంటుంది. ధర వేలల్లో ఉంటుంది. కొనేవాళ్లలో మనవాళ్లున్నారు. అమ్మేవాళ్లలో మన హాస్టళ్లలో చదివి వెళ్లిన పిల్లలూ ఉన్నారు.

ముందు మన పుట్ట సంగతి చూద్దాం. పుట్ట కట్టే చెదపురుగు తాను మోసుకొచ్చిన ఎండుటాకును, పుల్లను తనంతట తాను పూర్తిగా అరిగించుకోలేదు. అందుకని పుట్ట లోపల ఆ నమిలిన ముక్కలతో తేనెపట్టులాంటి మెత్తటి మడులు కట్టి, వాటి మీద ఒక రకం బూజును పెంచుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. పుల్లను బూజు మెత్తబరుస్తుంది, ఆ మెత్తబడినదాన్ని చెదలు తింటాయి. ఈ సేద్యం సుమారు 3 కోట్ల ఏళ్లుగా సాగుతోంది. మనిషి నాగలి పట్టి పన్నెండు వేల ఏళ్లు కూడా నిండలేదు! వానకు నేల నానినప్పుడు ఆ బూజే పొడుగాటి కాడతో పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. ఈ రకాన్ని షెడ్లలో పంటగా పండించడం ఇంతవరకూ ఎవరికీ లాభసాటిగా కుదరలేదు. బజారులో దొరికే ముత్యపు చిప్ప గొడుగు, పాల గొడుగు వేరే జాతులు, అవి గడ్డి మీద పెరుగుతాయి. పుట్టది కావాలంటే పుట్ట దగ్గరికే పోవాలి, ఏ రోజు పోవాలో కూడా తెలిసి ఉండాలి. మన అవ్వల విద్య అంతా అక్కడే ఉంది. గొడుగును కాడతో మెల్లగా లాగమనేవాళ్లు, పుట్టను తవ్వనిచ్చేవాళ్లు కాదు.

తినేదేదో, కుక్కగొడుగు ఏదో వాళ్లు మొలిచిన చోటును, వాసనను, కాడ మొదలును, రేకుల రంగును కలిపి చూసి చెప్పేవాళ్లు. పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వెండి నల్లబడితే విషమని, పురుగు తింటే మంచిదని, పసుపు వేసి వండితే విషం పోతుందని ఫోన్లలో తిరిగే పరీక్షలేవీ నిజం కావు. తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా అడవి గొడుగు ఇంటికి తేవద్దు.

మనవాళ్లు దాన్ని మందని ఎప్పుడూ అమ్ముకోలేదు. అది వానాకాలపు కూర. పులుసు చేసి సంగటిలో నంజుకుంటే, మాంసం దొరకని ఇంట్లో మాంసం తిన్నట్టు ఉండేది. పచ్చి గొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. నూరు గ్రాములకు రెండు మూడు గ్రాముల మాంసకృత్తులు, కొన్ని బి విటమిన్లు ఉంటాయి. ఎండలో పెడితే డి విటమిన్ కూడా తయారవుతుంది. మంచి తిండే, అంతకు మించి గొప్పలు పోనక్కర్లేదు.

ఆ తిండికి ఊళ్లో మర్యాద మాత్రం ఉండేది కాదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడని వాటి జాబితా ఉంది. వెల్లుల్లి, ఉల్లిపాయలతో పాటు అందులో పుట్టగొడుగు కూడా ఉంది. 'పుట్ట మీది బూజు తినేవాళ్లు' అన్న వెక్కిరింత మన వెనకటి తరాలు విన్నదే. అదే జాతి వస్తువు గాజు సీసాలోకి ఎక్కేసరికి దానికి ఎంత గౌరవం వచ్చిందో చూస్తుంటే మాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి.

వెక్కిరింతతో ఆగి ఉంటే బాగుండేది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దుంప, తేనె, ఆకు, వేరు కోసం పోయే దారుల్లో చాలా భాగం రిజర్వు అడవి అయింది, అడుగు పెట్టాలంటే అనుమతి కావాల్సి వచ్చింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశారు. యానాదులు ఏడో సంపుటంలో ఉన్నారు. అద్దకానికి పనికొచ్చే చిరివేరు తవ్వి తెచ్చే పని మనవాళ్లది, అడవి సరుకును సర్కారుకు చేర్చే పనీ మనవాళ్లదే. రెండేళ్లు గడిచేసరికి, 1911 నాటి కొత్త చట్టంతో, నేరస్త జాతుల ముద్ర మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవారి మీద, యానాదుల్లో కొందరి మీద ఆ ముద్ర పడింది. ఆ చట్టం రద్దయిందాకా, పొద్దు పోయాక అడవిలో కనబడ్డ మనిషి గొడుగుల కోసం వచ్చానంటే ఎవరు నమ్ముతారు? ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు, తరాలుగా ఆ దీవి అడవి మీద బతికిన యానాది కుటుంబాలు కదిలిపోవలసి వచ్చింది. అడవికి పోయే దారి మూతబడితే అడవి విద్యను పిల్లలకు నేర్పడం ఎక్కడ? మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి పుట్టగొడుగు అంటే చికెన్ పకోడీ బండి దగ్గర దొరికే మష్రూమే గుర్తొస్తుంది. ఆ తప్పు పిల్లలది కాదు.

ఇక పొడి చరిత్ర. డబ్బాల్లో ఎక్కువగా కనిపించేది గానోడెర్మా, చైనా వాళ్ల లింగ్‌జీ, జపాన్ వాళ్ల రేయిషి. చెట్టు మొద్దుకు పట్టే గట్టి చెక్కలాంటి గొడుగు అది. చైనా వైద్యంలో దాని పేరు సుమారు రెండు వేల ఏళ్లుగా ఉంది. అడవిలో అరుదుగా దొరికేది కాబట్టి రాజుల మందుగా ఉండేది. 1970లలో జపాన్‌లో దాన్ని పెంచడం నేర్చుకున్నాక అది సరుకయింది. 1977లో అదే జపాన్‌లో వేరే గొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని క్యాన్సర్ చికిత్సకు తోడుగా వాడేందుకు అనుమతించారు. అసలు చికిత్సకు బదులుగా కాదు, తోడుగా మాత్రమే. అమ్మకందార్లు ఆ 'తోడు' అన్న మాటను దారిలో ఎక్కడో జారవిడిచారు.

రెండో పేరు కార్డిసెప్స్. హిమాలయాల్లో గొంగళిపురుగు శరీరంలో మొలిచే బూజు ఇది. పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం తెల్లవారుజామున గ్రౌండులో పరిగెత్తే మన తమ్ముళ్లకు దీన్నే అంటగడుతున్నారు కాబట్టి దీని కథ వాళ్లకు తెలియాలి. 1993 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన చైనా జాతీయ క్రీడల్లో మా జున్‌రెన్ అనే కోచ్ దగ్గర తయారైన అమ్మాయిలు ప్రపంచ రికార్డులను వరసపెట్టి బద్దలు కొట్టారు. వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తింది. రహస్యం ఏమిటని అడిగితే కోచ్ ఈ బూజు పేరు, తాబేలు రక్తం పేరు చెప్పాడు. ఆ ఒక్క మాటతో కార్డిసెప్స్ ప్రపంచ బజారుకెక్కింది. కానీ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్త పరీక్షల తర్వాత ఆ కోచ్ శిష్యుల్లో చాలామందిని చైనాయే జట్టు నుంచి తప్పించింది. నిషిద్ధ మందులు వాడించారని ఆ అమ్మాయిలే రాసిన ఉత్తరం 2016లో బయటికి వచ్చింది. మన తమ్ముళ్ల చేతికి వచ్చే డబ్బా మీద 1993 ఉంటుంది, 2000 ఉండదు.

శక్తి, సత్తువ అన్న మాట వచ్చింది గనుక మన తెలుగువాడి సంగతి చెప్పుకోవాలి. ఒంట్లో ప్రతి కణం శక్తిని దాచుకునే పదార్థం ఏటీపీ. దాన్ని 1929లో సైరస్ ఫిస్కే అనే అమెరికా శాస్త్రవేత్తతో కలిసి లోకానికి చూపించింది యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. తిన్న తిండి ఒంటపట్టనివ్వని స్ప్రూ జబ్బుతో తోడబుట్టినవాళ్లను పోగొట్టుకుని, తానూ ఆ జబ్బుతో చావు అంచుకు వెళ్లి బయటపడినవాడు. సరిగ్గా ఆయన అమెరికాలో ఈ పని చేస్తున్న కాలంలోనే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక చనిపోతుంటే కారణం వెతికింది. ఆమెకు దొరికిన మందు ఏమిటో తెలుసా? ఈస్టు నుంచి తీసిన చవక తినుబండారం మార్మైట్. ఈస్టు కూడా బూజు కుటుంబానిదే, పుట్టగొడుగుకు దూరపు చుట్టం. 1931లో ఆమె ఈ సంగతి అచ్చులో పెట్టింది. ఈస్టులో ఉన్న ఆ మేలు చేసే పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపిన బృందం.

మన హాస్టళ్లలో వారానికొకసారి, అన్నం తిన్నాక, మేము దగ్గర నిలబడి మింగించే నీలం మాత్ర ఉంది కదా. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇందాక చెప్పిన చరిత్రంతా ఆ మాత్రలో ఉంది. చెల్లెళ్లు దాన్ని నాలుక కింద దాచి కిటికీలోంచి ఊసేయడం మాకు తెలుసు. వాసన బాగుండదు, కడుపులో తిప్పుతుంది, నిజమే. కానీ హిమోగ్లోబిన్ 9 ఉన్న పిల్లకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది రక్తం తక్కువై. ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు అప్పు చేసి శక్తి పొడి కొనిపెడితే, పొడి అయిపోతుంది, ఆయాసం ఉంటుంది. నీలం మాత్ర ఉచితం. ఉచితమైనదానికి విలువ ఇవ్వకపోవడం మన కాలనీల్లోనూ అలవాటైపోయింది.

మరి ఈ పొడుల్లో ఏమీ లేదా? బీటా గ్లూకాన్లు అనే పదార్థాలున్నాయి. ప్రయోగశాల గిన్నెల్లో అవి రోగనిరోధక కణాలను కదిలిస్తాయి. మనుషుల మీద చేసిన పరీక్షలు మాత్రం తక్కువ, చిన్నవి. ప్రపంచవ్యాప్తంగా వైద్య పరీక్షలన్నిటినీ పోగేసి తూచే కాక్రేన్ సంస్థ గానోడెర్మాను రెండుసార్లు తూచింది. క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా వాడేందుకు ఆధారం చాలదని ఒకసారి తేల్చింది. మధుమేహంతో ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పును తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని 2015లో ఇంకోసారి తేల్చింది. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు.

మన ఊరి ఉదాహరణే తీసుకోండి. పుత్తూరు కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. ఆకు పసరు, గుడ్డు, వెదురు బద్దలు, గుడ్డ కట్టు. ఎముక అతికిందో లేదో చెయ్యి కదిపితే తెలుస్తుంది, ఎక్స్‌రేలో కనబడుతుంది. అతక్కపోతే మనిషి వచ్చి అడుగుతాడు. 'ఇమ్యూనిటీ పెరిగింది' అన్నదాన్ని ఎక్కడ కదిపి చూస్తాం? జలుబు రాకపోతే పొడి గొప్ప, వస్తే 'ఇంకో మూడు నెలలు వాడండి'. ఎటు తిరిగినా అమ్మినవాడికి నష్టం లేని మాట అది.

నష్టం మనకే. మాకు తెలిసిన ఒక కాలనీలో ఒక తండ్రి ఆరు నెలలు వాడాల్సిన క్షయ మందులను రెండో నెలలో ఆపేసి పొడి మొదలుపెట్టాడు. మందులు వేడి చేస్తాయి, ఇది ప్రకృతి అని ఎవరో చెప్పారు. జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులు మరింత బరువు, కాలం మరింత పొడవు. ఆ పొడి తెచ్చి ఇచ్చింది పరాయివాడు కాదు, డిగ్రీ ఆపేసి ఆ గొలుసు వ్యాపారంలో చేరిన సొంత బావమరిది. అతనూ మోసపోయినవాడే. కింద ఇద్దరిని చేర్పిస్తే డబ్బొస్తుందన్నారు, చేర్పించడానికి దొరికింది చుట్టాలే. డబ్బాలన్నీ మంచం కింద మిగిలాయి, అప్పు ఇంకా తీరలేదు.

చట్టం ఈ విషయంలో గుడ్డిది కాదు. 2016 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి పోషక పొడుల డబ్బా మీద 'మందుగా వాడటానికి కాదు' అని రాసి తీరాలి. అక్షరాలు చిన్నగా ఉన్నా వెతకండి. క్యాన్సర్, మధుమేహం వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. మనుషులను చేర్చినందుకు డబ్బిచ్చే గొలుసు పథకాలను 1978 చట్టం నిషేధించింది, 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు మళ్లీ అదే చెప్పాయి.

అడవి విద్య నుంచి శక్తి మందు పుట్టి, ఆ విద్య ఉన్నవాళ్లకు వాటా దక్కిన సందర్భం కూడా ఒకటుంది. 1987లో కేరళ అగస్త్యమలై అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపుతున్న కాణి తెగ యువకులు కొండ ఎక్కుతూ ఏవో కాయలు నములుతున్నారు, అలుపు లేదు. అడిగితే మొదట చెప్పలేదు, అది తెగ రహస్యం. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాని నుంచి తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్ష పరిశోధనా సంస్థ 'జీవని' అనే మందు తయారు చేసి, 1995లో ఒక కంపెనీకి 10 లక్షల రూపాయలకు ఏడేళ్ల అనుమతి ఇచ్చింది. అందులోనూ, అమ్మకాల మీద వచ్చే రాయల్టీలోనూ సగం కాణి ప్రజలకు అని ఒప్పుకుంది. ఆ డబ్బు కోసం 1997లో కాణీలు ట్రస్టు పెట్టుకున్నారు. అన్నీ సాఫీగా సాగలేదు. తెగలోనే రహస్యం బయటపెట్టారని కోపగించినవాళ్లున్నారు, అడవి నుంచి మొక్క తీయడానికి అటవీశాఖ అడ్డు చెప్పింది. అయినా, అడిగి తీసుకోవాలి, వాటా ఇవ్వాలి అన్న మాట మన దేశంలో కాగితం మీదికి ఎక్కిన తొలి సందర్భాల్లో అది ఒకటి. తర్వాత 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టంలోనూ ఆ మాట ఉంది.

ఆ చట్టం కిందనే ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఏ మొక్క, ఏ గొడుగు, ఏ కాలంలో, ఎక్కడ, ఎవరు దేనికి వాడతారు అన్న వివరాలు అందులో రాస్తారు. అవ్వలు చెప్పినవారి పేరుతో, వాళ్లు చెప్పమన్నంత వరకే రాయాలి. చోటు గుర్తులు బయటికి ఇవ్వాలా వద్దా అన్నది కాలనీ అంతా కూర్చుని తేల్చుకోవాలి. ఈ సెలవులకు ఇళ్లకు వెళ్లే పిల్లలకు మేము ఒక్కొక్క నోటు పుస్తకం ఇస్తున్నాం. మొదటి పేజీలో అయిదు గళ్లు గీశాం: అవ్వ చెప్పిన పేరు, మొలిచే చోటు, నెల, వండే తీరు, తినకూడని దానితో తేడా.