డిక్లరేషన్ అనే ఒక మాట

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో డిక్లరేషన్ అంటే చిన్న పనే. ఫలానా పేరుతో, ఫలానా రకంది ఒకటి ఉందని కంపైలరుకు ముందుగా చెప్పడం. సి భాషలో ఒక ఫంక్షన్‌ని డిక్లేర్ చేసి, దాన్ని ఎక్కడా రాయకుండా వాడుకుంటే కంపైలర్ ఊరుకుంటుంది గానీ లింకర్ ఊరుకోదు. "రాసిందెక్కడ?" అని నిలదీస్తుంది. క్రికెట్‌లో అదే మాటకు వికెట్లు మిగిలుండగానే ఇన్నింగ్స్ చాలించడమని అర్థం. విమానం దిగాక కస్టమ్స్ వారికి ఆవకాయ సంగతి చెప్పడమూ డిక్లరేషనే! తెలుగులో సందర్భాన్ని బట్టి ప్రకటన అనో, వాంగ్మూలం అనో అంటాం. చరిత్ర చదువుతున్నప్పుడు మాత్రం నాకు లింకర్ అడిగే ప్రశ్నే గుర్తుకొస్తుంది.

ప్లేనోవాసులకు ఇందుకు ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. మా ఊరు చాలావరకు కాలిన్ కౌంటీలోది. ఆ కౌంటీకీ, పొరుగునున్న మెకిన్నీ నగరానికీ కాలిన్ మెకిన్నీ పేరే పెట్టారు. 1836 మార్చి 2న టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించి సంతకాలు చేసిన 59 మందిలో ఆయనొకడు. దాన్ని రాయడానికి వేసిన ఐదుగురి సంఘంలో సభ్యుడు కూడా. అప్పటికి ఆలమో కోట ముట్టడిలో ఉంది. నాలుగు రోజులకే అది పడిపోయింది. ఏప్రిల్ 21న శాన్ జసింటో యుద్ధంలో గెలిచాకే ఆ కాగితానికి బలం వచ్చింది.

ఆ స్వేచ్ఛయినా అందరిదీ కాదు. అదే సభ రాసిన రాజ్యాంగం బానిసత్వాన్ని కాపాడింది. లింకన్ బానిస విమోచన ప్రకటన 1863 జనవరి 1న అమలులోకి వచ్చినా, టెక్సాస్ బానిసలు స్వతంత్రులని గాల్వెస్టన్‌లో సైన్యం ఉత్తర్వు ఇచ్చింది 1865 జూన్ 19న. రెండున్నరేళ్ళు!

మన సంగతీ చూద్దాం. ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజుల తరువాత, 19న, నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు, మద్రాసు నగరం లేకుండా. తరువాత వాంఛూ నివేదిక, చట్టం, సరిహద్దుల పేచీలు. అవన్నీ దాటి 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది.

మనబోటి వలసవచ్చినవారికి సంబంధించిన డిక్లరేషన్ మరొకటుంది. అమెరికా పౌరసత్వానికి తొలిమెట్టుగా, పౌరుణ్ణి కాదలచుకున్నానని కోర్టులో ప్రకటన దాఖలు చేయడం 1952 చట్టం వరకు తప్పనిసరి. కానీ భారతీయులకు ఆ అర్హతే లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరిగ్గా ఆ ఏడే మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో అడుగుపెట్టారు. 1946లో చట్టం మారింది. 1948లో ఆయన మరణించారు. ఈ దేశంలో పాతికేళ్ళు మందులు కనిపెట్టిన మనిషికి, అందులో ఇరవైమూడేళ్ళు ఆ తలుపు మూసే ఉంది.

మెకిన్నీ తాను సంతకం చేసిన ప్రకటన నెరవేరడం కళ్ళారా చూశాడు. శ్రీరాములుగారు తాను కోరిన ప్రకటన వినకుండానే వెళ్ళిపోయారు. ఇక్కడ కౌంటీకి ఆయన పేరు, అక్కడ నెల్లూరు జిల్లాకు ఈయన పేరు. ఈ రెండు పేర్ల వెనుక కథ మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మాత్రం మనదే.