కోడి చెట్టెక్కిన చరిత్ర

చరిత్రలో కోడి ఎక్కడ వస్తుందంటే మన పిల్లలు పల్నాటి పందెం పేరు చెబుతారు. నాగమ్మ పుంజు, బ్రహ్మనాయుడి పుంజు, ఆ తర్వాత యుద్ధం. పందెం పుంజుకు కథ ఉంది గానీ, ఇంటి పెట్ట రాత్రి ఎక్కడ పడుకునేదో ఏ పాఠంలోనూ లేదు.

పోయిన ఏడాది మా హాస్టల్లో ఐదో తరగతి అమ్మాయి "కోడి చెట్టు మీద పడుకుంటుందా మేడమ్?" అని ఆశ్చర్యపోయింది. మూడో తరగతి నుంచీ ఇక్కడే పెరుగుతోంది, ఎలా తెలుస్తుంది? మా అమ్మ పెరట్లో కోళ్లన్నీ పనసచెట్టు మీదే ఉండేవి.

నిజానికి చెట్టే కోడికి పుట్టిల్లు. ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి. పగలు నేల గీరి తింటుంది, పొద్దుగూకితే కొమ్మెక్కుతుంది. తూర్పు కనుమల్లో గోదావరికి ఉత్తరాన ఇప్పటికీ ఉంది. పెంపుడు కోళ్లకు అతి దగ్గరి చుట్టం నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ వైపు అడవికోడి అని 2020లో జన్యు పరిశోధకులు తేల్చారు. మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికిన, క్రీ.పూ. 1650-1250 నాటి ఎముకలే అన్నిటికంటే పాతవని 2022లో మరో బృందం చెప్పింది. వరి, చిరుధాన్యాల చేలు వచ్చాక గింజల కోసం అడవికోడి తానే మనిషి దగ్గరికి వచ్చిందని వారి అభిప్రాయం. పోడులో సామలు, కొర్రలు చల్లిన మనవాళ్లకు ఇది వింత కాదు. ఇంకో ముచ్చట: కోడి పసుపు కాళ్లు మన దక్షిణాది బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చాయని 2008లో తేలింది.

గింజకు దిగింది గానీ నిద్రకు చెట్టును మరవలేదు. పిల్లలకు రెక్కలొచ్చేదాకా తల్లి నేల మీద పొదువుకుంటుంది, తర్వాత కొమ్మకు తీసుకెళ్తుంది. ఆ తల్లి లేకపోతే?

అది నాకు ఆలస్యంగా తెలిసింది. మిషన్‌లో పొదిగిన పన్నెండు పిల్లల్ని తెచ్చి హాస్టల్ పెరట్లో పెంచాను. పెద్దయ్యాక బయట వదిలితే గోడ మూల నేల మీదే గుంపుగా పడుకున్నాయి. ఒక్క రాత్రిలో అడవిపిల్లి ఏడింటిని చంపింది. అమ్మకు ఫోన్ చేస్తే ముందు నవ్వింది, తర్వాత చెప్పింది.

వారం రోజులు చెట్టు కిందే గంపలో మూసి పెట్టు. అది తమ ఇల్లని తెలియాలి. సందెవేళ ఒక్కొక్కదాన్నీ తీసి నడుమెత్తు వెదురు మీద కూర్చోబెట్టు. చీకట్లో కోడికి కళ్లు సరిగా ఆనవు, కదలకుండా ఉంటుంది. అలవాటయ్యాక వెదురు కాస్త కాస్త పైకి జరిపి కొమ్మకు కలుపు. చెట్టెక్కే పాత పెట్ట ఒకటి ఉంటే సగం పని అదే చేస్తుంది. ఆఖరి గింజలు చెట్టు కిందే వెయ్యి. మొదలు చుట్టూ రేకు కట్టు, ఎక్కే వాలుకర్రను రాత్రి తీసెయ్యి, ఇంటి కప్పును తాకే కొమ్మ నరికెయ్యి.

సంతలో పాత పెట్టనొకదాన్ని కొన్నాను. మూడు వారాలకు ఐదూ ఎక్కాయి. తలుపున్న గట్టి గూడు కట్టుకోగలిగితే అదే మేలని నేనూ ఒప్పుకుంటాను. మా దగ్గర అప్పుడు లేదు. గుడ్లగూబకు రేకు అడ్డం కాదు కాబట్టి ఆకు దట్టంగా ఉన్న కొమ్మనే చూశాం. సాయంత్రం లెక్క ఆ ఐదో తరగతి అమ్మాయిది. వానపడితే రెండుసార్లు లెక్కపెడుతుంది.