అర్జీలో చెరువు

మా బాపు ఊరి నీరటి. కోరుట్ల దిక్కు మా చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఆయనే చూసుకునేవాడు. కోతలప్పుడు కల్లం కాడ రైతులు కొలిచిపోసే వడ్లే ఆయనకు జీతం.

కాకతీయుల కాలంలో చెరువు తవ్వించినవారికి దాని కింది భూమిలో కొంత ‘దశబంధం’గా దక్కేది. సర్కారు గ్రాంటుకు అదే తాతముత్తాత అని నేను నమ్ముతాను. చెరువు నిండితేనే ఆ గ్రాంటు పండేది మరి!

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చాక మేం తీర్మానాలు రాయడం నేర్చుకున్నాం. 2015 మార్చి 12న చెరువుల పూడిక తీసి బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైంది, లెక్కలో 46,531 చెరువులు. జగిత్యాల, సిరిసిల్ల అప్పటికి జిల్లాలు కావు, ఫైళ్లన్నీ కరీంనగర్‌కే. మా అర్జీ నేనే రాశాను: ఆయకట్టు ఎకరాలు, కట్ట పొడవు, తూము రాయి పగిలిన చోటు, మత్తడి కోత. కింద వేలిముద్రలు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమికి హద్దులు లేవని అర్జీ ఒకసారి తిరిగొచ్చింది. ముసలివాళ్లను వెంటబెట్టుకుని తుమ్మచెట్ల నడుమ హద్దు నడిచాం. బాపుకు చూపు మందగించింది. అయినా కాలికింద మట్టి మెత్తబడగానే ఆగి, "ఇగో, నీళ్లు ఈడిదాకే" అన్నడు.

ఈసారి అర్జీ మంజూరైంది. పూడిక తీసే ఖర్చు సర్కారుది, ఒండ్రు తోలుకునే కిరాయి రైతుది. నల్లటి ఒండ్రు ట్రాక్టర్లకెక్కి ఎర్ర చెలకల్లోకి పోయింది.

2016 సెప్టెంబరు వానలకు చెరువు మత్తడి దూకింది. బాపును బండి మీద కట్టకు తీసుకపోయాను. చీకటి పడేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చున్నడు.