తెల్లపావులు చేతికొచ్చిన పూట

2025 జూలై 28, శ్రావణంలో మొదటి సోమవారం. ధవళేశ్వరంలో, జనార్దనస్వామి కొండ దిగువన మా బాబాయి ఇంటి అరుగు మీద చదరంగం బల్ల పరిచాం. పక్కనే చెంబుకి ఆనించి ఫోను నిలబెట్టాం. జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. ఒకవైపు గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి, 38 ఏళ్లు. ఎదురుగా నాగపూర్ పిల్ల దివ్య దేశ్‌ముఖ్, 19. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన 2002కి ఈ పిల్ల పుట్టనే లేదు.

రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి కాబట్టి ఇక ర్యాపిడ్. చెరో 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకీ 10 సెకన్లు కలుస్తాయి. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ర్యాపిడ్ ప్రపంచ కిరీటం హంపిదే. మా ధీమా అదే.

మొదటి ఆటలో ఆమెవి నల్లపావులు. 81 ఎత్తుల దాకా సాగి డ్రా అయింది. డ్రా అంటే ఏమీ జరగలేదనుకుంటారు గానీ, అంత పొడుగు ఆటలో చేతిలోని నిమిషాలు ఎప్పుడో కరిగిపోతాయి. ఆ తర్వాత 10 సెకన్లకో ఊపిరి. ఆ అలసట స్కోరులో కనపడదు.

"గట్టెక్కింది. ఇంక తెల్లపావులు మనవేరా" అన్నాడు బాబాయి.

రెండో ఆటలో 40వ ఎత్తు. హంపి బంటుని ముందుకు తోసింది. బల్ల మీద అదే ఎత్తు వెయ్యబోయిన బాబాయి చెయ్యి గాల్లో ఆగిపోయింది. "అదేంటమ్మా..." అన్నాడు, సొంత కూతుర్ని అడిగినట్టు. ఆ తర్వాత తప్పులు ఇద్దరూ చేశారు. ఆఖరి తప్పు మాత్రం హంపిది. 75 ఎత్తులకి ఓటమి ఒప్పుకుంది.

దివ్య వాళ్లమ్మని కావలించుకుని ఏడ్చింది. ఆ గెలుపుతోనే దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ బిడ్డ సంతోషం చూసి నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ గుమ్మం మన ఆడపిల్లల్లో మొదట దాటింది హంపే. కూతురి ఆట కోసం తండ్రి అశోక్ లెక్చరర్ ఉద్యోగమే వదులుకున్నాడు. ఛాంపియన్ అన్న మాటలోంచే ఆమెకి ఆ పేరు తీశాడు.

దీపాలు పెట్టే వేళయింది. బాబాయి పావులు డబ్బాలో వెయ్యలేదు. 40వ ఎత్తుకి ముందు ఎలా ఉన్నాయో అలా మళ్లీ పేర్చి, ఆ బంటు నెత్తిన వేలు ఆనించి, కదపకుండా కూర్చున్నాడు.