సైర్‌కు వెళ్లే తలావ్‌ల తవారీఖ్

మన ఇళ్లలో 'సైర్' అనే మాటకు ఒక రుచి ఉంది. టూర్ అంటే సూట్‌కేసు, రైలు టికెట్టు, సెలవు చీటీ గుర్తొస్తాయి. సైర్ అంటే తెల్లారకముందే బావర్చీఖానాలో బగారా అన్నం గుమగుమ, దాల్చా గిన్నె మూతకు బిగించి కట్టిన గుడ్డ, చుట్టిపెట్టిన చాప, థర్మాస్‌లో చాయ్, బయటి నుంచి అబ్బా వేసే 'జల్దీ కరో' కేక. పొద్దున పోయి మగ్రిబ్ అజాన్ వేళకు ఇల్లు చేరడమే. అమీర్‌కైనా గరీబ్‌కైనా అందేది, లాడ్జి ఖర్చు లేనిది.

హైదరాబాద్‌లో ఏ ఖాందాన్‌లోనైనా పెద్దవాళ్లను అడగండి, సైర్‌కు ఎక్కడికి పోయేవారని. జవాబులు దాదాపు ఒకటే. హుసేన్ సాగర్ కట్ట, బాగ్-ఎ-ఆమ్, మీరాలం తలావ్ పక్కన జూ, గండిపేట, హిమాయత్ సాగర్. కర్నూలు నుంచో గుంటూరు నుంచో చుట్టాలొచ్చినా మనం చూపించేవి ఇవే. ఇందులో ఒక్క బాగ్ తీసేస్తే మిగిలినవన్నీ నీళ్లు. ఆ నీళ్లలో ఒక్కటి కూడా తఫ్రీ కోసం కట్టింది కాదు. రెండు అవసరానికి కట్టినవి. రెండు మౌత్‌ను చూసిన శహర్ భయంతో కట్టుకున్నవి. ఖుషీ ఆ తర్వాత వచ్చి కట్ట మీద చాప పరుచుకుంది.

సైర్ అలవాటు మాత్రం ఈ నీళ్లలో కొన్నిటికన్నా పాతది. మన తెలుగు నేల మీది ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ అనే ఆయన దక్కన్ ముసల్మానుల పుట్టుక నుంచి చావుదాకా రస్మ్-రివాజ్‌లన్నీ వివరంగా రాశారు. మద్రాసులో డాక్టరుగా ఉన్న హెర్క్‌లాట్స్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేస్తే 1832లో లండన్‌లో 'ఖానూన్-ఎ-ఇస్లాం' పేరుతో అచ్చయింది. అందులో సఫర్ నెల ఆఖరి బుధవారం, అంటే ఆఖ్రీ చహార్‌షంబా ముచ్చట ఉంది. ఆ రోజు స్నానం చేసి, కొత్త బట్టలు కట్టి, గుల్‌గులే వండి పంచుకుని, బాగ్‌లలో పచ్చగడ్డి మీద నడిచేవారట. మన నానీ, దాదీల కాలం దాకా ఈ రివాజ్ బాగానే నడిచింది. దీనికి షరియత్‌లో దలీల్ లేదని చాలామంది ఉలమా అంటారు. ఆ బహస్ వాళ్లకే వదిలేద్దాం. తవారీఖ్ చదివేవాళ్లకు ఇందులో దొరికేది వేరే. ఏడాదంతా నాలుగు గోడల మధ్య, పర్దా వెనక గడిపిన ఆడవాళ్లకు చెప్పులు విడిచి గడ్డి మీద నడిచే ఒక రోజు ఉండేది. దాని కోసం వాళ్లు ఎదురుచూసేవాళ్లు.

ఇక నీళ్ల సంగతి. అన్నిటికన్నా పెద్దన్న హుసేన్ సాగర్. చార్మినార్ 1591 నాటిది. హుసేన్ సాగర్ అంతకు దాదాపు ముప్పై ఏళ్లు ముందు, 1562 ప్రాంతంలో ఇబ్రహీం ఖులీ ఖుతుబ్ షా హయాంలో తయారైంది. కట్టించిన బాధ్యత హజ్రత్ హుసేన్ షా వలీది. ఆయన పేరే తలావ్‌కు నిలిచింది. మూసీ నుంచి కాలువ తవ్వి నీళ్లు మళ్లించారు. తాగడానికీ పొలాలకూ అదే ఆధారం. అంటే హైదరాబాద్ శహర్ పుట్టకముందే దాని సైర్ జాగా పుట్టింది. ఈ రోజు మనం టాంక్‌బండ్ అంటున్న ఆ రోడ్డు నిజానికి తలావ్ కట్ట. సాయంత్రం హవా ఖానాకు నిలబడే రెయిలింగ్ కింద ఉన్నది నాలుగున్నర వందల ఏళ్ల నాటి మనుషుల మెహనత్.

రెండోది మీరాలం తలావ్. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దీవాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు మీద కట్టారు. దాని కట్ట దునియాలోనే అరుదైన రకం. ఒక్క తిన్నని గోడ కాకుండా 21 అర్ధచంద్రాకారపు రాతి కమాన్‌లు పక్కపక్కనే పేర్చారు. ఒక్కో కమాన్ కడుపు నీటి వైపు ఉబ్బి ఉంటుంది. నీరు ఎంత నెడితే రాళ్లు అంత బిగుసుకుంటాయి. రెండు వందల ఏళ్లు దాటినా కట్ట నిలిచే ఉంది. పాతబస్తీ జనం తరాల తరబడి ఈ నీళ్లే తాగారు. 1963 అక్టోబర్ 6న దాని పక్కనే నెహ్రూ జూ పార్క్ తెరుచుకుంది. అంతకుముందు బాగ్-ఎ-ఆమ్‌లో ఉన్న జంతువులు ఇక్కడికి వచ్చేశాయి. అప్పటి నుంచి బాసీ ఈద్ నాడు జూకు పోవడం పాతబస్తీ పిల్లల హక్కు అయిపోయింది. తెల్లపులి ముందు నిలబడి ఫొటో దిగిన మనం వెనక ఉన్న ఆ 21 కమాన్‌ల వైపు ఎప్పుడూ తిరిగి చూడలేదు.

మూడోదీ నాలుగోదీ చెప్పాలంటే 1908కి పోవాలి.

హిజ్రీ 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైంది. సెప్టెంబర్ ఆఖర్లో కుండపోత వాన పట్టుకుంది. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుడుతుంది. అక్కడి నుంచి శహర్ దాకా మూసీ, దానిలో కలిసే ఈసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి ఇంకో దాని మీద పడటం. 28వ తేదీన ఆ నీళ్లన్నీ కలిసి శహర్ మీదికి వచ్చాయి. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ తట్టుకోలేకపోయాయి. ఖుతుబ్ షాహీల పురానా పుల్ నిలబడింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలని అంచనా. 80 వేల మంది దాకా ఇళ్లు పోగొట్టుకున్నారు.

అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో, ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు నేటికీ ఉంది. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీకి ఆ నసీబ్ లేదు. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ల ముందే వరదలో పోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికి ఆ గమ్‌ను మోస్తూనే రాశాడు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇల్లూ వాకిలీ లేని జనానికి తన మహళ్ల తలుపులు తెరిపించారు. మళ్లీ ఇలా జరగకూడదని మైసూరు ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను 1909లో పిలిపించారు. ఆయన చెరువుల లెక్కలు తీయించి, గట్లు పరీక్షించి ఒక మాట తేల్చారు. వరదను శహర్‌లో ఆపలేం, శహర్‌కు రాకముందే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టాలి. శహర్ లోపల నది గట్లను ఎత్తు చేసి, రోడ్లు, బాగ్‌లు వేసి జనం హవా ఖానాకు తిరిగేలా చేయాలని కూడా ఆయన చెప్పారు. వరద నుంచి కాపాడే గట్టే సాయంత్రం సైర్ చేసే జాగా కావాలని వందేళ్ల కిందటే ఒక ఇంజినీర్ తలపోశాడు.

మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఇంతిఖాల్ అయ్యారు. ఆ పని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతుల మీదుగా జరిగింది. మూసీ మీద గండిపేట దగ్గర కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్ 1927కి తయారైంది. దానికి నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఉస్మాన్ సాగర్‌లో 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌లో దాదాపు 3 టీఎంసీలు పడతాయి. పంపులతో పని లేకుండా పల్లానికి పారుతూ నీళ్లు శహర్‌కు చేరేవి. గండిపేట పానీ తాగినవాడు హైదరాబాద్ విడిచి పోడు అనే నానుడి అక్కడ పుట్టిందే.

ఉస్మాన్ సాగర్ ఒడ్డున నిజాం కోసం సాగర్ మహల్ కట్టారు. షాహీ ఖాందాన్ ఎండాకాలం చల్లగాలికి అక్కడికి పోయేది. రాచరికం పోయాక ఆ చల్లగాలి అందరిదీ అయింది. టాంగాలో, బస్సులో, స్కూటర్ మీద నలుగురు ఎక్కి, ఆటో మాట్లాడుకుని గండిపేట పోయినవాళ్లు మనవాళ్లే. మగవాళ్లు కట్ట మీద జుహర్ నమాజ్‌కు సఫ్ కడితే, ఆడవాళ్లు చెట్టు కింద దస్తర్‌ఖాన్ పరిచేవాళ్లు. కాల్చిన మక్కబుట్టలు, మిర్చీలు, తడిసిన సల్వార్లు, తిట్లు, నవ్వులు. రిష్తా మాటలు కూడా అక్కడే తేలేవి. ఏ కితాబ్‌లోనూ రాయరు గానీ ఇదీ మన తవారీఖే.

ఇప్పుడు ఫికర్ ఏమిటంటే, కట్టినవాళ్ల భయాన్ని మనం మర్చిపోయాం. 1996 మార్చిలో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, కాలుష్యం చేసే పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. శహర్‌కు ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ తలావ్‌ల మీద ఆధారపడటం తగ్గింది అన్నది దానికి చెప్పిన వజహ్. తాగునీటి మాట వరకు అది నిజమే కావచ్చు. కానీ ఈ రెండు సాగర్‌లు ముందు కట్టింది వరద కోసం. కృష్ణా పైపులైను వరదను ఆపదు.

2020 అక్టోబర్‌లో ఆ సబక్ మళ్లీ చదివాం. ఒక్క రాత్రి వానకు పాతబస్తీ చుట్టూ చెరువులు పొంగాయి, కొన్ని కట్టలు తెగాయి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబా నగర్ లాంటి బస్తీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా ఖాలా ఇంట్లో కుట్టు మిషన్, బియ్యం డ్రమ్ము, కూతురి జహేజ్ పెట్టె అన్నీ మునిగాయి. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు చాకిరీ చేసి కొన్న ప్లాటు చెరువు శిఖంలో ఉందని చాలామందికి ఆ రోజే తెలిసింది. అమ్మినవాడు చెప్పలేదు, కాగితం చూసినవాడు చెప్పలేదు. 1908లో 221 చెరువులు తెగితే శహర్ మునిగింది. మనం చెరువులనే పూడ్చి వాటిలో ఇళ్లు కట్టుకుంటున్నాం, అందులో గరీబ్‌లే ముందు మునుగుతున్నారు.

సైర్ మానేయమని కాదు, ఇంకా పోవాలి. ఈసారి పిల్లలను జూకు తీసుకుపోతే తలావ్ కట్ట కమాన్‌ల సంగతి చెప్పండి. ఉస్మానియా దవాఖానాకు ఎవరినైనా చూడటానికి పోతే ఆ చింతచెట్టు దగ్గర రెండు నిమిషాలు ఆగండి. గండిపేటలో తిన్న ప్లేట్లు, నీళ్ల సీసాలు సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. ప్లాటు కొనే ముందు బస్తీలో ముసలివాళ్లను ఒక్క మాట అడగండి, ఇక్కడ ఒకప్పుడు ఏ చెరువు ఉండేదని. వాళ్లకు పేరుతో సహా గుర్తుంటుంది.