ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ: ఎలక్ట్రోడ్ల అరుగుదల

గ్లాసెడు ఉప్పునీళ్లలో రెండు ఇనుప మేకులను ఒకదానికొకటి తగలకుండా ముంచి, 9 వోల్టుల బ్యాటరీకి కలిపితే కాసేపట్లోనే తేడా కంటబడుతుంది. ఋణధ్రువానికి కలిపిన మేకు, అంటే కాథోడ్, చుట్టూ హైడ్రోజన్ బుడగలు నురగలా లేస్తాయి; మేకు మాత్రం దాదాపు చెక్కుచెదరదు. ధనధ్రువం వైపున్న ఆనోడ్ నల్లబడి, గరుకుతేలి, కరిగిపోతుంది. నీళ్లు ముదురాకుపచ్చగా మారి, క్రమంగా తుప్పురంగుకు తిరుగుతాయి.

ఆనోడ్ దగ్గర ఏదో ఒకటి ఎలక్ట్రాన్లను వదులుకోవాలి. క్లోరైడ్ అయాన్లు క్లోరిన్ వాయువుగా మారడం కన్నా ఇనుము అయాన్లుగా మారడం తేలిక, కాబట్టి లోహమే ముందు బలవుతుంది. మైకేల్ ఫారడే 1830లలో తేల్చిన సూత్రాల ప్రకారం, 1 ఆంపియర్ కరెంటు గంటసేపు ప్రవహిస్తే సుమారు 1 గ్రాము ఇనుము కరుగుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ చెంచాలతో ఈ ప్రయోగం అస్సలు చేయకూడదు. వాటిలోని క్రోమియం విషపూరితమైన హెక్సావలెంట్ రూపంలో నీటిలో కలిసే ప్రమాదముంది.

ఉప్పునీటినే విద్యుద్విశ్లేషణ చేసే కాస్టిక్ సోడా కర్మాగారాలు చాలాకాలం గ్రాఫైట్ ఆనోడ్లతో నెట్టుకొచ్చాయి. అవి కరిగే లోహాలు కాకపోయినా మెల్లగా అరిగేవి. ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం పెరిగి కరెంటు ఖర్చు ఎక్కువయ్యేది. 1960లలో హెన్రీ బీర్ టైటానియం మీద రుథీనియం ఆక్సైడ్ పూత పూసి ఆ బాధ తప్పించాడు. అటువంటి ఆనోడ్లు ఏళ్ల తరబడి కొలతలు మారకుండా క్లోరిన్‌ను విడుదల చేస్తాయి.